రెండో క్లాసిక్ స్పోర్ట్స్ కారు ఏది? మొదటిదానికి జోడీ కుదిరేది ఎంచుకోవడం ఎలా

మొదటి క్లాసిక్ స్పోర్ట్స్ కారును మనసు ఎంచుకుంటుంది. చిన్నప్పుడు గోడకు అంటించుకున్న బొమ్మో, ఎప్పుడో పక్కనుంచి దూసుకెళ్లిన ఇంజిన్ శబ్దమో ఏళ్ల తర్వాత మనల్ని కొనేదాకా లాక్కెళ్తుంది. అందులో తప్పేమీ లేదు. చిక్కంతా రెండోదాని దగ్గరే. మొదటి కారు మీదున్న ప్రేమ మళ్లీ అలాంటిదాన్నే చూపిస్తుంది. టాపు తీసి నడిపే చిన్న బ్రిటిష్ కారు నచ్చినవాళ్ల కళ్లు ఇంకో చిన్న బ్రిటిష్ కారు మీదే పడతాయి. కొన్న ఆరు నెలలకు ఒకటి తిరుగుతూ ఉంటుంది, రెండోది కవరు కింద బ్యాటరీ డౌనై పడి ఉంటుంది.

అందుకే రెండో కారు దగ్గర మనసుతో పాటు కాస్త లెక్క కూడా కావాలి. నా లెక్క ఇది: జోడీ కార్లు రోడ్డు మీద ఒకదానికొకటి పరాయివిగా ఉండాలి, గ్యారేజీలో మాత్రం చుట్టాలై ఉండాలి. నడిపేటప్పుడు రెండూ ఇచ్చే అనుభవం వేరుగా ఉంటేనే రెండింటికీ వంతు వస్తుంది. రిపేరు దగ్గర రెండింటికీ పనిముట్లో, కార్బ్యురేటర్లో (గాలి, పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపే భాగాలు), మెకానిక్కో కలిస్తే మనకు ఓపిక మిగులుతుంది. ఈ రెండోభాగాన్ని చాలామంది పట్టించుకోరు. కార్లు రెండయ్యాక నిజంగా అలసట తెచ్చేది అదే.

## ముందు ఏం చూడాలి

తాళాల పరీక్ష. కొనకముందే చేయగలిగిన పరీక్ష ఇది. గోడకు రెండు తాళాలు వేలాడుతున్నాయని అనుకోండి. ఎండకాసే సెలవు రోజు ఉదయం, జల్లు పడే సాయంత్రం, మూడు గంటల హైవే ప్రయాణం, అరగంట ఘాట్ రోడ్డు, పక్కన ఒక స్నేహితుడు, డిక్కీలో రెండు పెట్టెలు. ఒక్కో సందర్భంలో మీ చెయ్యి ఏ తాళం మీదికి వెళ్తుందో కాగితం మీద రాయండి. అన్నిసార్లూ ఒకే పేరు వస్తే రెండోది మీకు అక్కర్లేదు.

ఇంజిన్ ఎక్కడుంది, బరువెంత. కారు స్వభావాన్ని ఇంతగా మార్చేది ఇంకోటి లేదు. ముందు ఇంజిన్ పెట్టి వెనక చక్రాలు తిప్పే కారు మలుపులో ఏం చేయబోతోందో ముందే చెబుతుంది. ఇంజిన్ మధ్యలో ఉన్న కారు చటుక్కున తిరుగుతుంది, పట్టు తప్పినా అంతే చటుక్కున తప్పుతుంది. పోర్షె 911లాగా ఇంజిన్ వెనక ఇరుసుకు అవతల ఉంటే, మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ వదిలేయగానే వెనక భాగం బయటికి పోవాలని చూస్తుంది. మలుపుకు ముందే బ్రేకు వేసి, లోపల నిదానంగా యాక్సిలరేటర్ పెంచుకుంటూ వెళ్లడం నేర్చుకున్నవాళ్లకు మాత్రం మలుపు బయటికి వచ్చేటప్పుడు అది ఇచ్చే పట్టు వేరే కారులో దొరకదు.

సిద్ధంగా ఉండడం. రెండింటిలో ఒకటి తాళం తిప్పగానే స్టార్టయి, వానలోనూ ట్రాఫిక్‌లోనూ విసిగించకుండా వెళ్లేది అయి తీరాలి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను. రెండూ అలకపూనే కార్లైతే రోడ్డు మీద గడిపే సమయం కంటే బానెట్ కింద గడిపే సమయమే ఎక్కువవుతుంది.

గ్యారేజీ చుట్టరికం. కొలతల నుంచి మొదలుపెడదాం. 1960లలోని ఎంజీబీ, జాగ్వార్ ఈ-టైప్, షెవ్రొలె కార్వెట్ మూడింటికీ ప్రధానంగా అంగుళాల స్పానర్లే పడతాయి. పుట్టిన దేశాలు వేరైనా పనిముట్ల పెట్టె ఒక్కటే. జపాన్, జర్మనీ, ఇటలీ కార్లకు మిల్లీమీటర్ల సెట్ కావాలి. కార్బ్యురేటర్ల సంగతీ ఇంతే. ఎంజీబీ మీద ఉండేవి రెండు బ్రిటిష్ ఎస్‌యూ కార్బ్యురేటర్లు, తొలి ఈ-టైప్ మీద మూడు. డాట్సన్ 240జెడ్ మీద ఉండే రెండు హిటాచీలూ ఎస్‌యూ పద్ధతిలో తయారైనవే. వీటిలో గాలి పెరిగేకొద్దీ ఒక పిస్టన్ పైకి లేస్తుంది, దానికి తగిలించిన సూది పెట్రోలు దారిని తెరుస్తుంది. పై గిన్నెలో రెండు చుక్కల నూనె పోయడం, చిన్న రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని రెండింటి బుసా సమానంగా వినిపించేదాకా మరలు తిప్పడం ఒక కారు మీద నేర్చుకుంటే మిగతా రెండింటికీ పనికొస్తుంది. వెబర్ కార్బ్యురేటర్లది వేరే విద్య. లోపల జెట్లు, అంటే పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రాల ముక్కలు, మార్చుతూ ట్యూన్ చేయాలి.

కారు అడిగే సమయం. కొన్ని కార్లు వారానికో గంట అడుగుతాయి, కొన్ని ఏడాదికోసారి నాలుగు రోజులు. మొదటి రకం రెండు పెట్టుకోవడం ఉద్యోగస్తులకు కష్టం. రెండో రకం రెండు పెట్టుకుంటే వాటి పెద్ద సర్వీసులు ఒకే నెలలో పడకుండా చూసుకోవాలి. ఏ రకమైనా రెండు వారాలకోసారి, ఇంజిన్ ఆయిల్ బాగా వేడెక్కేలా కనీసం అరగంట నడపాలి. స్టార్ట్ చేసి పది నిమిషాలు నిలబెట్టి ఆపేయడం మంచిది కాదు, సైలెన్సర్లో నీరు చేరి లోపలి నుంచి తుప్పు పడుతుంది.

## బరిలో ఉన్నవి, ఒక చూపులో

| కారు | కాలం | ఇంజిన్ | ఏ పనికి బాగుంటుంది | ఏం అడుగుతుంది |
|---|---|---|---|---|
| జాగ్వార్ ఈ-టైప్ | 1961–1974 | ముందు. వరుస 6 సిలిండర్లు, 1971 నుంచి వీ12 | దూర ప్రయాణం, చూసి మురిసిపోవడం | చాలా సమయం, అనుభవమున్న మెకానిక్ |
| ఎంజీబీ | 1962–1980 | ముందు. 1798 సీసీ, 4 సిలిండర్లు | టాపు తీసి నెమ్మదిగా తిరగడం | వారానికి కాస్త చెయ్యి, తుప్పు మీద కన్ను |
| కార్వెట్ రెండో తరం | 1963–1967 | ముందు. వీ8 | దూకుడు, శబ్దం | స్థలం, పెట్రోలు |
| ఆల్ఫా రోమియో స్పైడర్ | 1966–1994 | ముందు. 4 సిలిండర్లు, రెండు క్యామ్‌షాఫ్టులు | మలుపులు, ఎండ పూట షికారు | అడుగుభాగం మీద నిఘా |
| డాట్సన్ 240జెడ్ | 1969–1973 | ముందు, 2.4 లీటర్లు, వరుస 6 | అన్నిటికీ కాస్త కాస్త | తుప్పు పరీక్ష |
| పోర్షె 911 కరేరా 3.2 | 1984–1989 | వెనక. గాలితో చల్లబడే 6 సిలిండర్లు | ఎంత దూరమైనా, ఏ వాతావరణమైనా | నడపడం నేర్చుకునే ఓపిక |
| టయోటా ఎంఆర్2 మొదటి తరం | 1984–1989 | మధ్యలో, 1.6 లీటర్లు | ఘాట్ రోడ్డు | సామాను తగ్గించుకోవడం |
| మాజ్డా ఎంఎక్స్-5 మొదటి తరం | 1989–1997 | ముందు, 1.6, తర్వాత 1.8 లీటర్లు | ఎప్పుడైనా, ఎక్కడైనా | చాలా తక్కువ |
| హోండా ఎన్‌ఎస్‌ఎక్స్ | 1990–2005 | మధ్యలో; వీ6 | వేగం, రోజూ నడపడం | వేళకు బెల్టు, గొట్టాలు |

పట్టికలో లేనివి చాలా ఉన్నాయి. లోటస్ ఎలాన్, ఫెరారీ 308 సంగతి కింద వస్తుంది.

## ఎంఎక్స్-5, 911: తక్కువ తప్పులతో కుదిరే జోడీ

ఇద్దరు స్నేహితులు ఒకేసారి సలహా అడిగితే ఇద్దరికీ నేను మొదట చెప్పేది ఇదే. 1989లో వచ్చిన ఎంఎక్స్-5 బరువు వెయ్యి కిలోల లోపే, శక్తి 115 హార్స్‌పవర్ దరిదాపుల్లో. అంకె చిన్నదే. కానీ నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనా కిందా రెండు కడ్డీలతో పట్టే) సస్పెన్షన్, ముందూ వెనకా దాదాపు సమానంగా పంచుకున్న బరువు, మణికట్టు కదిలిస్తే పడే గేరు కలిసి మామూలు వేగంలోనే ఆనందాన్ని ఇస్తాయి. కూర్చుని ఒక్క చేత్తో టాపు వెనక్కి మడిచేయొచ్చు.

కరేరా 3.2 దీనికి అన్నివిధాలా ఎదురు. పైకప్పు మూసిన కూపే తీసుకుంటే యూరప్ మోడల్‌లో 231 హార్స్‌పవర్, వెనక గాలితో చల్లబడే ఇంజిన్, హైవే మీద గంటల తరబడి కూర్చున్నా అలసట రాని సీటు. ఎంఎక్స్-5 ప్రతిదీ మీకు సులువు చేస్తుంది, 911 మీ నుంచి శ్రద్ధ అడుగుతుంది. ఒకదాని తర్వాత ఒకటి నడిపితే రెండూ ఇంకా బాగున్నట్టు అనిపిస్తాయి. జోడీ కుదిరిందని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి గుర్తు తెలియదు.

గ్యారేజీలో కూడా పేచీ లేదు. రెండింటికీ ఫ్యూయెల్ ఇంజెక్షనే, రెండింటికీ మిల్లీమీటర్ల పనిముట్లే. 911 తరాల్లో 3.2నే ఎందుకు చెబుతున్నానంటే, అంతకుముందు ఇంజిన్లలో ఇబ్బంది పెట్టిన టైమింగ్ చైన్ టెన్షనర్ల (ఇంజిన్ లోపలి గొలుసును బిగువుగా ఉంచే భాగాలు) చోట 1984 మోడల్ నుంచి ఆయిల్ ఒత్తిడితో పనిచేసే కొత్త రకం పెట్టారు. 1987 మోడల్ నుంచి జీ50 గేర్‌బాక్స్, హైడ్రాలిక్ క్లచ్ వచ్చాయి, గేర్లు తేలిగ్గా పడతాయి. పాత గేర్‌బాక్స్ నెమ్మదైన చేతిని కోరుతుంది, అది ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. ఆయిల్ చూసే పద్ధతి మాత్రం ముందే తెలుసుకోండి. దీనిలో 10 లీటర్లకు పైగా ఆయిల్ పడుతుంది, దానికి వేరే ట్యాంకు ఉంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక, చదునైన చోట, ఇంజిన్ నడుస్తుండగానే కొలవాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి తక్కువైందని పోసేసినవాళ్లు తర్వాత పొగ చూసి కంగారు పడతారు.

ఎంఎక్స్-5 కొనేటప్పుడు వెనక చక్రాల ముందుండే సైడ్ సిల్స్ (తలుపుల కింద పొడవునా ఉండే భాగం) వేలితో తట్టి చూడండి. టాపు నుంచి నీరు పోయే రంధ్రాలు ఆకులతో పూడుకుపోతే ఆ నీరు అక్కడికే చేరి లోపల తినేస్తుంది. తొలి 1.6 ఇంజిన్లలో కొన్నింటికి క్రాంక్‌షాఫ్ట్ ముందు కొస దగ్గర బలహీనత ఉంది, ఆ సంగతి తెలిసిన మెకానిక్‌తో చూపించండి.

## ఎంజీబీ, 240జెడ్: గ్రీజు ఇష్టపడేవాళ్లకు

ఈ జోడీ మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. 1962లో మొదలైన ఎంజీబీ 5 లక్షలకు పైగా తయారైంది. అందుకే పార్ట్స్ కొరత దాదాపు లేదు. మొత్తం బాడీ షెల్ కూడా పాత అచ్చుల మీద కొత్తగా నొక్కి ఇస్తారు. స్పోర్ట్స్ కారు అంటే వేగమే అనుకునేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. ఇంజిన్ లారీలాగా కింది నుంచే లాగుతుంది, గేరు మార్చే పని తక్కువ, గాలి ముఖానికి కొడుతుంటే తొందర అనిపించదు. 1974 చివరి నుంచి వచ్చిన వాటికి నల్ల రబ్బరు బంపర్లు పెట్టి కారు ఎత్తు పెంచారు, మలుపులో ఆ తేడా తెలుస్తుంది. వీలైతే అంతకుముందు క్రోమ్ బంపర్ల కారు చూడండి. ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు) ఉంటే వదలకండి, హైవే మీద ఇంజిన్ ఊపిరి పీల్చుకుంటుంది.

240జెడ్ సరిగ్గా దీని పక్కన నిలబడాల్సిన కారు. పైకప్పు మూసిన పొడవాటి బానెట్ కూపే, వరుస 6 సిలిండర్ల ఇంజిన్, దాదాపు 150 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ స్వతంత్ర సస్పెన్షన్. బ్రిటిష్ కూపేల అందాన్ని తీసుకుని, వాటికంటే నమ్మకంగా పనిచేసేలా చేయడం ఆ కారు సాధించిన విజయం. ఎంజీబీ మీద కార్బ్యురేటర్లు సరిచేయడం నేర్చుకున్న చెయ్యి దీని బానెట్ తెరవగానే పాత స్నేహితుణ్ని చూసినట్టు గుర్తుపడుతుంది. పనిముట్ల పెట్టెలు మాత్రం రెండు కావాలి.

ఈ జోడీకి ఉన్న అసలు చిక్కు తుప్పు. ఎంజీబీకి ప్రత్యేకంగా ఛాసీ లేదు, సైడ్ సిల్సే దాని వెన్నెముక. మెరిసే పెయింట్ కింద పుట్టీ పెట్టి దాచిన సిల్స్ ఉంటే, తలుపు తెరిచినప్పుడు కారు మధ్యలో కొద్దిగా వంగుతుంది, తిరిగి మూసేటప్పుడు తలుపు గీసుకుంటుంది. అమ్మేవాళ్ల ఎదురుగానే రెండు తలుపులూ తీసి, వేసి చూడండి. 240జెడ్‌లో బ్యాటరీ కూర్చునే పళ్లెం, కాళ్లు పెట్టే నేల, దాని కింద పోయే పట్టీలు చూడాలి. ఇంజిన్ ఓవర్‌హాలింగ్‌కు ఒక హద్దు ఉంటుంది. బాడీ టింకరింగ్, వెల్డింగ్ పనికి హద్దుండదు, ఒక ప్లేటు విప్పితే దాని వెనక ఇంకో రెండు పోయి ఉంటాయి. అందుకే బాడీ గట్టిగా ఉండి ఇంజిన్ అలసిపోయిన కారు, ఇంజిన్ కొత్తగా ఉండి బాడీ కుళ్లిన కారు కంటే ఎప్పుడూ మేలు.

## ఈ-టైప్ ఇంట్లో ఉంటే పక్కన ఏది?

1961 మార్చిలో జెనీవా ప్రదర్శనలో ఈ-టైప్‌ను చూసినవాళ్లకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ అర్థమవుతుంది. 3.8 లీటర్ల ఇంజిన్, కంపెనీ చెప్పుకున్న 265 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, స్వతంత్ర వెనక సస్పెన్షన్. అంత అందం ఉన్న కారు పక్కన ఇంకో పెద్ద అందగత్తెను పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. నా సలహా వేరు. ఈ-టైప్ పక్కన ఉండాల్సింది మొండిగా పనిచేసే చిన్న కారు: ఎంఎక్స్-5 లేదా ఎంఆర్2.

కారణం ఈ-టైప్ నిర్మాణంలోనే ఉంది. వెనక డిస్కులు చక్రాల దగ్గర కాక లోపల, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) పక్కన ఉంటాయి. వాటికి చెయ్యి అందాలంటే చాలా విప్పాలి. క్లచ్ మార్చాలంటే ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ బయటికి రావాల్సిందే. ఏ మంచి వర్క్‌షాప్ అయినా ఇలాంటి పనికి వారాల వ్యవధి అడుగుతుంది. ఆ వారాల్లో మీ నడిపే సరదా ఆగిపోకూడదు.

ఈ-టైప్‌లోనే ఎంచుకోవాలంటే, నడపడానికి 1964 చివర్లో వచ్చిన 4.2 మేలు. మొదటి గేరుకు కూడా సింక్రోమెష్ (గేరు కర్రుమనకుండా పడేలా చేసే ఏర్పాటు) ఉన్న గేర్‌బాక్స్, మెరుగైన సీట్లు, బ్రేకులు దానిలో వచ్చాయి. 3.8 గీతల స్వచ్ఛతను ఇష్టపడేవాళ్లు తొలి కార్లలో కాళ్ల దగ్గర చోటు తక్కువని గుర్తుంచుకోవాలి. పొడగరులైతే కొనేముందు అరగంట కూర్చుని చూడండి. 1971లో వచ్చిన వీ12 మరింత మెత్తనిది, స్పోర్ట్స్ కారు కంటే దూరప్రయాణాల కారు అనొచ్చు. పక్కన చురుకైన చిన్న కారు ఉన్నవాళ్లకు ఆ మెత్తదనమే వరం.

ఎంఎక్స్-5, ఎంఆర్2 రెండింటిలో ఏది అంటే, టాపు తీసే ఈ-టైప్ రోడ్‌స్టర్ ఉన్నవాళ్లు ఎంఆర్2 తీసుకోవాలి. పైకప్పు ఉంటుంది, ఇంజిన్ మధ్యలో ఉంటుంది, ఆ చురుకుదనం ఈ-టైప్‌లో ఎక్కడా దొరకదు. ఈ-టైప్ కూపే ఉన్నవాళ్లకు ఎంఎక్స్-5. ఎంఆర్2 కొనేటప్పుడు వెనక చక్రాల పైన ఉండే వంపుల్లో తుప్పు చూడండి. రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనక ఉండటంతో కూలెంట్ పైపులు కారు పొడవునా కింద పోతాయి, అవి కూడా చూడాలి.

## కార్వెట్, ఆల్ఫా: మంచూ నిప్పూ

ఒకే రోడ్డు మీద రెండు కార్లు ఎంత వేరుగా మాట్లాడగలవో తెలియాలంటే ఈ జోడీ నడపాలి. కార్వెట్‌లోని వీ8 తక్కువ ఆర్‌పీఎం నుంచే ఛాతీ మీద చెయ్యి పెట్టి తోస్తుంది. ఆల్ఫా ఇంజిన్‌ను పైకి తిప్పాలి. అల్యూమినియం బ్లాకు, రెండు క్యామ్‌షాఫ్టులు, 1966 నుంచే అయిదు గేర్లు, నాలుగు డిస్క్ బ్రేకులు. ఒకదానిలో కుడికాలు కథ నడుపుతుంది, రెండోదానిలో కుడికాలూ ఎడమకాలూ గేరు చెయ్యీ మూడూ కలవాలి.

రెండో తరం కార్వెట్ వెనక అద్దం 1963 మోడల్ కూపేలో మాత్రమే రెండు ముక్కలుగా ఉంటుంది. సేకరించేవాళ్లు దాని కోసం వెతుకుతారు. నడపడం మీద మనసున్నవాళ్లు 1965 నుంచి వచ్చిన డిస్క్ బ్రేకుల కార్లు చూసుకోవాలి. బాడీ ఫైబర్‌గ్లాసే కాబట్టి తుప్పు భయం లేదనుకోవడం పొరపాటు. ఫైబర్ కింద, ముందు అద్దం చుట్టూ తలుపుల చుట్టూ ఉక్కు పంజరం ఉంటుంది. అది తుప్పు పడితే బయటికి కనపడదు.

ఆల్ఫాలో రెండో గేరు సింక్రో త్వరగా అరుగుతుందని పేరు. చల్లటి ఇంజిన్‌తో నడిపి మూడు నుంచి రెండుకు దించి చూడండి, కర్రుమంటే బేరం అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. ఈ జోడీలో రెండూ ఎండలో మెరిసేవే. వాన పడితే రెండూ బయటికి రావు. రోజూ తిరగడానికి వేరే మామూలు కారు ఉన్నవాళ్లకే దీన్ని సూచిస్తాను.

## చూడటానికి జోడీలా ఉండి, కాకుండా పోయేవి

లోటస్ ఎలాన్, ఎంఎక్స్-5. 1962లో వచ్చిన ఎలాన్ ఉక్కు వెన్నెముక ఛాసీ మీద ఫైబర్‌గ్లాస్ బాడీతో 700 కిలోల దరిదాపుల్లో ఉండే అద్భుతం. దాని స్టీరింగ్ పట్టుకున్నవాళ్లు ఆ స్పర్శను మర్చిపోరు. ఎంఎక్స్-5 అదే ఆలోచనకు నమ్మకమైన రూపం. అందుకే రెండూ ఒకే రోజున, ఒకే రోడ్డుకు పిలుస్తాయి. ఒకే ఒరలో రెండు కత్తులు. ఎలాన్ ఉన్నవాళ్లు పక్కన 240జెడ్ లాంటి మూసిన కారు పెట్టుకుంటే రెండింటికీ న్యాయం జరుగుతుంది. ఎలాన్, ఆల్ఫా స్పైడర్ కూడా రోడ్డు మీద ఒకేలాంటి పని చేసేవే. గ్యారేజీలో వాటి చుట్టరికం మాత్రం ముద్దొస్తుంది: చాలా కార్లకు రెండింటిలోనూ వెబర్ కార్బ్యురేటర్లు, రెండింటిలోనూ సన్నటి బిళ్లలు మార్చి వాల్వుల సందు సరిచేయడం.

ఫెరారీ 308, ఎన్‌ఎస్‌ఎక్స్ సంగతి ఇంకొంచెం సూక్ష్మం. రెండూ మధ్యలో అడ్డంగా పెట్టిన ఇంజిన్ ఉన్న రెండు సీట్ల కార్లే. 1975లో వచ్చిన 308 గేరు కర్ర లోహపు గాడుల మధ్య టకటకమంటూ కదులుతుంది, ఆయిల్ వేడెక్కేదాకా రెండో గేరు పడనంటుంది. 1990లో వచ్చిన ఎన్‌ఎస్‌ఎక్స్ పూర్తి అల్యూమినియం బాడీ, 8,000 ఆర్‌పీఎం దాకా పాడే 3 లీటర్ల వీ6, చుట్టూ స్పష్టంగా కనపడే అద్దాలతో ఆ జాతి కార్లను రోజూ నడపొచ్చని చూపించింది. ఆ చరిత్రే మీ సేకరణకు విషయమైతే ఈ రెండూ పక్కపక్కన ఉండాల్సిందే. నడపడం కోసమైతే ఒకటి చాలు. రెండింటికీ టైమింగ్ బెల్టులున్నాయి. కారు కదలకపోయినా బెల్టు వయసు పెరుగుతుంది కాబట్టి కిలోమీటర్లు చూసి వాయిదా వేయకూడదు.

911, ఈ-టైప్ జోడీ గురించి కూడా అడుగుతారు. రెండూ గొప్పవే, తాళాల పరీక్షలోనూ నెగ్గుతాయి. ఈ-టైప్ అడిగే సమయం మీ దగ్గరుందా అన్నదే ప్రశ్న. 911 ఇక్కడ సిద్ధంగా ఉండే కారు పాత్ర పోషించాలి కాబట్టి 3.2 లేదా దాని తర్వాతి తరాలు తీసుకోండి. గాలితో చల్లబడే చివరి 911, అంటే 993, 1998 దాకా వచ్చింది. దాని కొత్త వెనక సస్పెన్షన్‌తో పాత తోక ఊపుడు చాలావరకు తగ్గింది.

## మీరు ఎవరైతే ఏది

ఇంట్లో ఇద్దరు నడిపేవాళ్లుంటే బరువైన క్లచ్, బరువైన స్టీరింగ్ ఉన్న కార్లు రెండు పెట్టకండి. ఇద్దరికీ సుఖంగా ఉండేది కనీసం ఒకటుండాలి, లేకపోతే అది ఇద్దరి సరదాగా మిగలదు. ఈ లెక్కన ఎంఎక్స్-5 దాదాపు ప్రతి జోడీలోనూ సరిపోతుంది.

రిపేరు చేతకానివాళ్లు, నేర్చుకునే ఉద్దేశం లేనివాళ్లు కార్బ్యురేటర్లున్న కారు ఒకటికి మించి కొనకూడదు. నేర్చుకోవాలని ఉన్నవాళ్లు ఎంజీబీతో మొదలుపెట్టడమే మంచిది. బానెట్ కింద రెండు చేతులూ పట్టేంత చోటుంటుంది, తప్పు చేసినా త్వరగా సరిదిద్దుకోవచ్చు.

చరిత్ర ఇష్టపడేవాళ్లకు నా దగ్గర ఒక దారి ఉంది, దీని గురించి ఎంతసేపైనా మాట్లాడగలను. 1961 నుంచి 1963 దాకా మూడేళ్లు చూడండి. ఈ-టైప్, ఆ మరుసటి ఏడాది ఎంజీబీ, ఎలాన్, 1963లో కార్వెట్ రెండో తరం, అదే ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో తొలి 911. స్పోర్ట్స్ కారు ఎలా ఉండాలనే ఒకే ప్రశ్నకు అయిదు చోట్ల అయిదు జవాబులు. ముందు గొట్టాల ఫ్రేము తగిలించిన మోనోకాక్ (బాడీయే ఛాసీగా పనిచేసే నిర్మాణం), సాదాసీదా మోనోకాక్, వెన్నెముక ఛాసీ, నిచ్చెన ఫ్రేము మీద ఫైబర్, వెనక వేలాడే ఇంజిన్. వీటిలో ఏ రెండింటిని తీసుకున్నా పక్కపక్కన నిలబెట్టగానే వాటి మధ్య వాదన వినపడుతుంది. ఎంజీబీ, ఎలాన్ కలిపితే మాత్రం మళ్లీ ఒకే ఎండపూట సమస్య వస్తుంది.

మూడు కార్లకు చోటున్నవాళ్లకు ఇంజిన్ చోటును బట్టి ఎంచుకోవడం తేలికైన పద్ధతి: ముందు ఆల్ఫా, మధ్యలో ఎంఆర్2 లేదా ఎన్‌ఎస్‌ఎక్స్, వెనక 911. మూడింటికీ మిల్లీమీటర్ల పనిముట్లే, తాళాల కాగితం మీద మూడు పేర్లూ వస్తాయి.

## కొనే క్రమం, చివరి చూపు

సిద్ధంగా ఉండే కారును ముందు కొనండి, శ్రమ పెట్టే కారును తర్వాత. మొదటిది విప్పి పడేసి ఉండగా రెండోది కొనొద్దు. రెండు సగం పనుల మధ్య గడిచిపోయే సెలవులు తిరిగి రావు.

కారు చూసేటప్పుడు టైరు పక్కనున్న నాలుగు అంకెలు చదవండి. 3518 అని ఉంటే 2018లో 35వ వారంలో తయారైందని అర్థం. పైన గాడులు లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరును నమ్మొద్దు, రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద జారుతుంది. బ్రేకు ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చినట్టు రసీదులుంటే యజమాని మిగతా పనులూ వేళకు చేయించి ఉంటాడని కొంత ధైర్యం. ఇంజిన్ నంబరు, ఛాసీ నంబరు ఫ్యాక్టరీ రికార్డులతో కలిసే కారుకు రేపు అమ్మేటప్పుడు గిరాకీ ఎక్కువ. కానీ బాగా నడపాలనుకునేవాళ్లకు, నంబర్లు కలవకపోయినా గట్టి బాడీ ఉన్న కారు ఎక్కువ సుఖమిస్తుంది, గీత పడుతుందేమోనన్న టెన్షన్ కూడా ఉండదు.

టెస్ట్ డ్రైవ్‌కు మీ మొదటి కారులోనే వెళ్లండి. అమ్మే యజమాని ఒప్పుకుంటే రెండు కార్లనూ ఒకే రోడ్డు మీద వెంటవెంటనే నడపండి, దిగగానే ఒక్కోదాని గురించి మూడేసి మాటలు రాసుకోండి. రెండు కాగితాల మీదా ఒకే మాటలు కనిపిస్తే, ఆ కారు ఎంత బాగున్నా, తాళాలు తిరిగిచ్చి వచ్చేయండి.